ఎనిమిదేళ్ళు షెడ్డులో నిలబడ్డ రేస్ ఎస్టీమ్: ఏ పని ముందు, ఏ ఖర్చు వద్దు

ప్రశ్న క్లుప్తంగా ఇదీ: 2001 మోడల్ మారుతి ఎస్టీమ్, 16 వాల్వుల ఎంపీఎఫ్ఐ ఇంజన్ (పెట్రోల్‌ను ఇంజెక్టర్లు చల్లే రకం). ఒకప్పుడు ట్రాక్ మీద పరిగెత్తిన బండి, కేజ్ (బండి బోల్తా పడినా డ్రైవర్ నలగకుండా కాపాడే ఉక్కు గొట్టాల చట్రం) వేసి ఉంది. ఎనిమిదేళ్ళుగా కాకినాడ షెడ్డులో కదల్లేదు. ఇంటి దగ్గరే పని చేసుకుని చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టైకో కోయంబత్తూరుకో ట్రాక్ డేకి (సొంత బండిని రేస్ ట్రాక్ మీద తిప్పుకునే రోజు) తీసుకెళ్ళాలి. ఇంజన్ బలం పెంచడానికి ముందుగా బోర్ చేయించి, క్యామ్ మార్చి, హెడ్ పోర్టింగ్ చేయిస్తే సరిపోతుందా?

ఆ డబ్బు ప్రస్తుతానికి జేబులోనే ఉంచండి. ఈ ఇంజన్ కొత్తలో 85 గుర్రాల బలం (హార్స్‌పవర్) ఇచ్చేది, బండి బరువు తొమ్మిది వందల కిలోల లోపే. వెనక సీటు, తివాచీలు, తలుపుల అట్టలు తీసేస్తే ఇంకా తగ్గుతుంది. ఆ 85 సక్రమంగా వస్తే మొదటి ఏడాదికి ధారాళంగా సరిపోతాయి. పాత రేస్ బండ్లు ట్రాక్ మీద ఆగిపోయేది గుర్రాలు చాలక కాదు. రేకు చీలి, బ్రేక్ ఆయిల్ మరిగి, మలుపులో ఆయిల్ అందక బేరింగ్ పోయి ఆగిపోతాయి. కాబట్టి వరస ఇది: బాడీ, కేజ్, బ్రేకులు, ఆయిల్, నీళ్ళు, చక్రాలు. ఇంజన్ లోపలికి చెయ్యి పెట్టడం ఆఖర్న, అదీ కొలతలు పెట్టమంటేనే.

సముద్రపు గాలి తగిలిన బండి కాబట్టి రేకుతో మొదలుపెట్టండి. నాలుగు జాకీ స్టాండ్ల మీద ఎత్తి, చక్రాలు విప్పి, కింద పూసిన నల్ల కోటింగ్‌ను గోకండి. చిన్న సుత్తితో తట్టుకుంటూ పోతే మంచి రేకు ఖణేల్మంటుంది, తుప్పు తిన్నది డప్పగా పలుకుతుంది. డప్పగా పలికిన చోట స్క్రూడ్రైవర్ మొన గట్టిగా నొక్కండి. దిగిందంటే అది రేకు కాదు, పెయింటు పొర. చూడాల్సిన చోట్లు: ముందు స్ట్రట్ (షాక్ అబ్జార్బర్, స్ప్రింగు కలిసిన కాలు) పైభాగం బిగిసే గిన్నెలు, వెనక స్ట్రట్ గిన్నెలు (డిక్కీ తివాచీ కింద ఉంటాయి, చాలామంది చూడరు), రన్నింగ్ బోర్డుల అడుగు, లోయర్ ఆర్మ్ బిగిసే చోటు, కేజ్ పాదాల చుట్టూ ఒక జానెడు. పుట్టీ అనుమానం ఉంటే పల్చటి గుడ్డ చుట్టిన అయస్కాంతం ఆనించండి. పుట్టీ మందంగా ఉన్నచోట పట్టదు.

కొత్త రేకు వెయ్యడానికి మామూలు ప్యానెల్ చోట 20 గేజి సీఆర్ షీటు, స్ట్రట్ గిన్నెల దగ్గర 16 గేజి వాడండి. కో2 వెల్డింగ్, 0.8 మిల్లీమీటర్ల తీగ. ఆర్క్ రాడ్డుతో ఈ రేకు మీద పని చేస్తే చిల్లు పూడ్చబోయి రెండు చిల్లులు చేసుకుంటారు. ఒకే గీతగా లాక్కుపోకండి. 20-25 మిల్లీమీటర్లకు ఒక టాక్ (చుక్క వెల్డు) వేసి, ఎదురు మూలకు వెళ్ళి ఇంకొకటి వేసి, మధ్య ఖాళీలు చల్లారాక నింపండి. వేడి ఒకేచోట చేరితే రేకు వంకర పోతుంది, వంకరైన గిన్నెలో స్ట్రట్ కోణం మారుతుంది. వెల్డింగ్ ముందు బ్యాటరీ తీసెయ్యండి, ఈసీఎం (ఇంజన్ కంప్యూటర్) కనెక్టర్ ఊడదీయండి. రేకు మీద రేకు ఎక్కే చోట జింక్ ప్రైమర్, అంతా అయ్యాక రన్నింగ్ బోర్డు లోపలికి మైనం స్ప్రే. పెట్రోల్ ట్యాంకు దగ్గర పని ఉంటే ట్యాంకు దించాకే. ఖాళీ ట్యాంకు నిండు ట్యాంకు కన్నా ప్రమాదం, లోపల ఉండేది పూర్తిగా ఆవిరే.

ఇక కేజ్. వెర్నియర్‌తో గొట్టం బయటి కొలత తీయండి. ఎఫ్ఐఏ (అంతర్జాతీయ మోటారు క్రీడల సంస్థ) నియమాల ప్రకారం మెయిన్ హూప్ (డ్రైవర్ వెనక ఉండే పెద్ద వంపు గొట్టం) 45 మిల్లీమీటర్లు, మందం 2.5, లేదా 50 మిల్లీమీటర్లు, మందం 2. మిగతావి 38×2.5 లేదా 40×2. అతుకు లేని కోల్డ్ డ్రాన్ కార్బన్ స్టీల్ గొట్టం కావాలి. కొలత 48 మిల్లీమీటర్లు వచ్చిందంటే అది దాదాపు ఖాయంగా ఒకటిన్నర అంగుళం నీళ్ళ పైపు. దాన్ని మరమ్మతు చేసే ఆలోచనే వద్దు, కోసి పారెయ్యండి. కొలత సరిపోయినా మందం అనుమానమైతే ఊడి వచ్చే ఏదైనా ముక్కను తూకం వెయ్యండి: 45×2.5 గొట్టం మీటరుకు సుమారు 2.6 కిలోలు, 38×2.5 అయితే 2.2 కిలోలు తూగాలి. పాదాల కింద ప్లేటు కనీసం 3 మిల్లీమీటర్ల మందం, బాడీ వైపు ప్లేటు 120 చదరపు సెంటీమీటర్లు, ఒక్కో పాదానికి కనీసం మూడు ఎం8 బోల్టులు, గ్రేడ్ 8.8. బోల్టు తల మీద 8.8 అని చెక్కి ఉండాలి. హార్డ్‌వేర్ కొట్టులో తల మీద ఏ అంకె లేకుండా దొరికేవి ఇక్కడ పనికిరావు. కొత్త కేజ్ కావాలంటే మాత్రం ఇంట్లో వంచడానికి, అతకడానికి కూర్చోకండి. ఆ పనే చేసేవాళ్ళకు బండి అప్పజెప్పండి.

సీటు, బెల్టుల తేదీలు చూడండి. ఎఫ్ఐఏ 8855-1999 లేబుల్ ఉన్న సీటుకు తయారైన నాటినుంచి అయిదేళ్ళు, 8853/98 బెల్టుకూ అయిదేళ్ళే, 8853-2016 రకానికి పదేళ్ళు. ఎనిమిదేళ్ళు నిలిచిన బండిలో పాత రకం బెల్టులు కొత్తవిలా కనిపించినా గడువు దాటినవే. భుజం పట్టీలు సీటు వెనక్కి కాస్త కిందికి దిగుతూ వెళ్ళాలి, 10 డిగ్రీల లోపైతే మంచిది, 45 దాటకూడదు. నిటారుగా నేలకు బిగిస్తే గుద్దినప్పుడు పట్టీ వెన్నెముకను కిందికి నొక్కేస్తుంది. పాత బండ్లలో తరచుగా కనిపించే తప్పు ఇదే.

బ్రేకుల్లో అందరూ చేసే పొరపాటు ఒకటుంది. ఆయిల్ మార్చేటప్పుడు పెడల్‌ను నేలదాకా తొక్కి తొక్కి గాలి తీస్తారు. రోజూ తిరిగే బండిలో మాస్టర్ సిలిండర్ పిస్టన్ బోరులో కొంత దూరమే కదులుతుంది. అది దాటాక ఉన్న భాగంలో ఎనిమిదేళ్ళ తేమకు తుప్పు గరుకు పట్టి ఉంటుంది. పెడల్ నేలకు తగిలేసరికి రబ్బరు సీలు ఆ గరుకు మీదికెక్కి చిరుగుతుంది. ఆ రోజు బ్రేకు బాగానే ఉంటుంది, తరవాత పెడల్ మెల్లగా దిగిపోవడం మొదలవుతుంది. మీరు ఏకంగా మాస్టర్ సిలిండరే కొత్తది వేసుకోండి. దానికి కూడా పెడల్ కింద రెండంగుళాల చెక్కముక్క పెట్టి గాలి తీయడం అలవాటు చేసుకోండి.

కాలిపర్లు విప్పి పిస్టన్లు బయటికి తీయండి. గాలి కొట్టి తీస్తుంటే ఎదురుగా చెక్కముక్క పెట్టండి, వేలు పెట్టకండి. సీలు తగిలే చోట గోటికి తెలిసే గుంట ఉంటే పిస్టన్ మార్చాల్సిందే. ఎమెరీ కాగితంతో రుద్దితే గుంట పోదు, పైన క్రోమ్ పోతుంది. ముందు డిస్క్ కనీస మందం దాని మీదే పోతపోసి ఉంటుంది. డయల్ గేజితో ఊగు 0.1 మిల్లీమీటర్లు దాటితే డిస్క్ విప్పి, హబ్ మీది తుప్పు వైరు బ్రష్‌తో గోకి మళ్ళీ కొలవండి. చాలాసార్లు వంకర డిస్క్‌ది కాదు, కింద ఇరుక్కున్న తుప్పుది. రబ్బరు హోసులన్నీ కొత్తవి వేయాలి. పాతవి పైకి బాగున్నా లోపల ఉబ్బి, ఆయిల్‌ను వెళ్ళనిచ్చి తిరిగి రానివ్వవు. అప్పుడు ఒక చక్రం పట్టేసుకుని ఉంటుంది.

బ్రేక్ ఆయిల్ డాట్ 4 కొత్త డబ్బా, ఒక లీటరు. కొత్తదానికి మరిగే వేడి కనీసం 230 డిగ్రీలు, తేమ తాగినదానికి 155. ట్రాక్ మీద నాలుగో ల్యాపులో పెడల్ మెత్తబడడానికి కారణం ఆ తేడాయే. సగం వాడి మూతపెట్టిన పాత డబ్బా పనికిరాదు. మాస్టర్ సిలిండర్‌కు అన్నిటికన్నా దూరంగా ఉన్న చక్రం నుంచి గాలి తీసుకుంటూ దగ్గరికి రండి. వెనక డ్రమ్ముల లైనర్ల మీద ఆయిల్ మరక ఉంటే కడిగి వాడకండి. వేడెక్కినప్పుడు అది మళ్ళీ బయటికి ఊరుతుంది.

ఇంజన్‌ను సెల్ఫ్ కొట్టి చూడాలన్న ఉబలాటం ఉంటుంది, ఆగండి. నాలుగు ప్లగ్గులు తీసి, ఒక్కో సిలిండర్‌లో 10 మిల్లీలీటర్ల ఇంజన్ ఆయిల్ సిరంజితో వేసి ఒక రోజు వదిలెయ్యండి. మర్నాడు క్రాంక్ పుల్లీ బోల్టుకు గోటీ పానా పెట్టి తిరిగే దిశలోనే చేత్తో రెండు చుట్లు తిప్పండి. పట్టేస్తే బలవంతం వద్దు, ఇంకొంచెం ఆయిల్ వేసి ఇంకో రోజు ఆగండి. రింగు బోరుకు అతుక్కున్నప్పుడు సెల్ఫ్ బలంతో తిప్పితే రింగు విరుగుతుంది. బాగానే తిరిగితే ప్లగ్గులు లేకుండానే, ఇంజెక్టర్ల కనెక్టర్లు, కాయిల్ కనెక్టర్ ఊడదీసి, పది సెకన్ల చొప్పున సెల్ఫ్ కొట్టి ఆయిల్ ప్రెషర్ గేజి లేచేదాకా చూడండి. ఎనిమిదేళ్ళలో బేరింగుల సందుల్లోని ఆయిల్ అంతా కిందికి జారిపోయి ఉంటుంది.

గేజి గురించి ఒక మాట. బండిలో ఉన్న ఎర్ర దీపం ప్రెషర్ దాదాపు అర కిలో (చదరపు సెంటీమీటరుకు) కంటే పడిపోయాక గానీ వెలగదు, అప్పటికే ఆలస్యం. మెకానికల్ గేజి పెట్టండి. వేడి మీద ప్రతి వెయ్యి ఆర్పీఎంకు సుమారు 10 పౌండ్లు (చదరపు అంగుళానికి) కనిపించాలన్నది రేసింగ్‌లో పాత లెక్క.

తరవాత కంప్రెషన్ (పిస్టన్ నొక్కినప్పుడు సిలిండర్‌లో పుట్టే ప్రెషర్). థ్రాటిల్ పూర్తిగా తెరిచి, నాలుగు ప్లగ్గులూ తీసి చూడాలి. ఈ ఇంజన్‌కు 14 కిలోలు మామూలు, 12 కింది హద్దు, సిలిండర్ల మధ్య తేడా ఒక కిలో మించకూడదు. చల్లటి ఇంజన్‌లో అంకె కొంత తక్కువ వస్తుంది, అందుకని అంకె కన్నా తేడాను నమ్మండి. ఒకటి తక్కువుంటే చెంచాడు ఆయిల్ వేసి మళ్ళీ చూడండి. పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులు లేదా గ్యాస్కెట్. పక్కపక్కన రెండు తక్కువుంటే రెంటి మధ్య గ్యాస్కెట్ మీద అనుమానం పెట్టుకోండి. నాలుగూ 12 పైన, తేడా కిలో లోపు ఉంటే హెడ్ విప్పకండి. అలాంటి ఇంజన్‌కు బోర్ చేయించడం జబ్బు లేనివాడికి ఆపరేషన్ చేసినట్టే.

విప్పాల్సి వస్తే హెడ్ మీద స్ట్రెయిట్ ఎడ్జ్ పెట్టి అడ్డంగా, పొడవుగా, మూలమూలకూ చూడండి. 0.05 మిల్లీమీటర్ల ఫీలర్ (సందు కొలిచే పల్చటి రేకు) దూరితే ఫేసింగ్ (లేత్ మీద మట్టం చేయడం) కావాలి. వంకర పోయేంత వరకే తీయమని లేత్ షాపులో గట్టిగా చెప్పండి, లేకపోతే ఒకే దెబ్బకు అర మిల్లీమీటరు లేపేస్తారు. హెడ్ బోల్టులు మధ్యనుంచి బయటికి, 35, 55, 68 న్యూటన్ మీటర్లు, మూడు విడతల్లో. కనెక్టింగ్ రాడ్ నట్లు 35, మెయిన్ క్యాపులు 54. బోల్టు గుంటల్లో ఆయిల్ నిలబడి ఉంటే ముందు గాలి కొట్టి ఖాళీ చెయ్యండి. లేకపోతే రెంచి క్లిక్‌మన్నా బోల్టు బిగియదు, ఆయిల్ మీదే ఆగిపోతుంది.

కంప్రెషన్ బాగున్నా సరే ఆయిల్ ఛాంబర్ (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) మాత్రం దించండి. రెండు రాడ్ క్యాపులు విప్పి బేరింగులు చూస్తే ఇంజన్ గత జీవితం తెలిసిపోతుంది. అంతటా సమానమైన మసక బూడిద రంగుంటే క్షేమం. పైచెక్క మీద మధ్యలో రాగి రంగు బయటపడితే ఆయిల్ అందక నలిగింది. సన్నటి గీతలుంటే మురికి ఆయిల్. క్యాపులు ఏది ఎక్కడిదో, ఏ వైపు తిరిగి ఉందో సెంటర్ పంచ్‌తో గుర్తు పెట్టుకోకుండా విప్పకండి. మళ్ళీ బిగించేటప్పుడు ప్లాస్టిగేజ్ (నలిగిన వెడల్పును బట్టి సందు చూపే సన్నటి ప్లాస్టిక్ దారం) పెట్టి చూస్తే సందు 0.02 నుంచి 0.04 మిల్లీమీటర్ల మధ్య రావాలి.

ఛాంబర్ దిగింది కాబట్టి అందులో అడ్డుతెరలు వేయించండి. ఈ బండిలో పెట్టే ప్రతి రూపాయిలో అన్నిటికన్నా లాభసాటి పని ఇదే. పొడవాటి మలుపులో ఆయిల్ అంతా ఒక గోడకెక్కి పికప్ (పంపుకు ఆయిల్ పీల్చే గొట్టం మూతి) గాలి పీలుస్తుంది. రెండు సెకన్లు చాలు, బేరింగ్ పొర కాలిపోతుంది. పికప్ చుట్టూ నాలుగు పక్కలా 16 గేజి రేకుతో పెట్టెలా కట్టి, ఒక్కో పక్కన లోపలికి మాత్రమే తెరుచుకునే చిన్న తలుపు పెట్టాలి. ఆయిల్ లోపలికి వస్తుంది, బయటికి పోలేదు. పికప్‌కూ ఛాంబర్ అడుగుకూ మధ్య 6 నుంచి 10 మిల్లీమీటర్లు ఉండాలి. దాన్ని కొలవాలంటే పికప్ కింద పిల్లల బంకమట్టి ముద్ద పెట్టి, గ్యాస్కెట్‌తో సహా ఛాంబర్ ఒకసారి బిగించి విప్పి, నలిగిన ముద్ద మందం చూడండి. వెల్డింగ్ గుండ్లు ఒక్కటి కూడా లోపల మిగలకూడదు. డీజిల్‌తో మూడుసార్లు కడగండి. ఆయిల్ 20డబ్ల్యు-50 పోయండి, గేజి కర్ర పై గీత దాకా, తక్కువ కాకుండా. డ్రెయిన్ ప్లగ్ తలకు చిల్లు వేసి 0.8 మిల్లీమీటర్ల తీగతో, ప్లగ్ ఊడాలని చూస్తే తీగ బిగిసే దిశలో కట్టండి. ఇంజన్ ఊపిరి గొట్టానికి రెండు లీటర్ల పారదర్శకమైన క్యాచ్ ట్యాంకు (బయటికొచ్చే ఆయిల్‌ను పట్టే డబ్బా) తప్పనిసరి.

నీళ్ళ విషయంలో మన మెకానిక్కులకు ఒక అలవాటుంది: వేడెక్కుతోందంటే థర్మోస్టాట్ పీకేస్తారు. వద్దు. అది లేకపోతే ఇంజన్ వేడెక్కడానికి ఆలస్యమై, చల్లగా ఉందనుకుని ఈసీఎం పెట్రోల్ ఎక్కువ పోస్తూనే ఉంటుంది, ఆ పెట్రోల్ బోరు గోడల ఆయిల్‌ను కడిగేస్తుంది. 82 డిగ్రీలది కొత్తది వెయ్యండి, గిన్నెలో నీళ్ళు మరిగించి తెరుచుకుంటోందో లేదో ముందే చూడండి. రేడియేటర్ మూత కూడా కొత్తది, 0.9 కిలోలది. పచ్చ కూలెంట్ ట్రాక్ మీద ఒలికితే సబ్బునీళ్ళలా జారుతుంది, చాలాచోట్ల ఒప్పుకోరు. డిస్టిల్డ్ వాటర్, తుప్పు పట్టకుండా ఉండే మందు చాలు.

పెట్రోల్ లైను మొత్తం మార్చండి. ఇప్పుడు బంకుల్లో దొరికే ఇ20 (20 శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోల్ 2001 నాటి రబ్బరును మెత్తబరుస్తుంది. ఆర్9 అని ముద్ర ఉన్న హోసు తీసుకోండి. పైగా ఇథనాల్‌కు గాలి తక్కువ చాలు, అంటే అదే ఇంజెక్టర్‌తో మిశ్రమం ఏడెనిమిది శాతం పలచబడుతుంది (గాలికి తగ్గ ఇంధనం చాలదు). మామూలు రోడ్డు మీద తెలియదు, ఫుల్ థ్రాటిల్‌లో పిస్టన్ తల కాలుతుంది. మీరు దిగే పోటీ క్లాసు నియమాలు అనుమతిస్తే ఫ్యుయల్ ప్రెషర్ పెంచి సరిచేసుకోవచ్చు. ఇంధనం 8 శాతం పెరగాలంటే ప్రెషర్ 16-17 శాతం పెరగాలి, 2.5 కిలోలుంటే 2.9. వైడ్‌బ్యాండ్ సెన్సార్ (పొగను బట్టి గాలి, పెట్రోల్ నిష్పత్తి చూపేది) పెట్టి చూడకుండా మాత్రం తిప్పకండి.

బుష్షులు, బాల్ జాయింట్లు, డ్రైవ్ షాఫ్ట్ బూట్లు అన్నీ కొత్తవే. విజయవాడ ఆటోనగర్‌లో గానీ చెన్నై పుదుపేటలో గానీ పాత సామాను దొరుకుతుంది. గేర్‌బాక్స్, తలుపులు, అద్దాల్లాంటివి అక్కడ కొనండి, బ్రేకు, స్టీరింగ్ సామాను కొనకండి. వీల్ స్టడ్లు అన్నీ మార్చండి, ఏళ్ళ తరబడి ఎయిర్ గన్‌తో బిగించినవి సాగి ఉంటాయి.

అలైన్‌మెంట్ ఇంట్లోనే చేసుకోవచ్చు. మేస్త్రీల నీళ్ళ ట్యూబుతో నాలుగు చక్రాల కింద నేల మట్టం చూసి, పల్లంగా ఉన్నచోట టైల్ ముక్కలు వెయ్యండి. చక్రం పక్కన గుండు దారం వేలాడదీసి రిమ్ము పై అంచు, కింది అంచు దూరాలు కొలవండి. 13 అంగుళాల రిమ్ముకు పై అంచు 11 నుంచి 12 మిల్లీమీటర్లు లోపలికి ఉంటే అది సుమారు 2 డిగ్రీల నెగటివ్ క్యాంబర్ (చక్రం పైభాగం లోపలికి వాలడం). ముందు చక్రాలకు అంతే పెట్టండి. స్ట్రట్ పై బోల్టు స్థానంలో క్యాంబర్ బోల్టు వేస్తే వస్తుంది. టో (చక్రం ముందు అంచు లోపలికో బయటికో తిరిగి ఉండడం) చూడడానికి బండి రెండు పక్కలా సమాంతరంగా దారాలు కట్టి, రిమ్ము ముందు వెనక అంచులు కొలిచి, ఒక్కో చక్రం సున్నా నుంచి ఒక మిల్లీమీటరు బయటికి చాలు. కొలిచేటప్పుడు డ్రైవర్ సీట్లో మీ బరువంత ఇసుక బస్తా ఉండాలి.

నిలిచిన టైర్లు బండిని తోయడానికే. పక్కన నాలుగంకెల ముద్ర చూడండి, 2316 అంటే 2016లో 23వ వారం. కొత్తవాటికి చల్లగా 26-28 పౌండ్లు పెట్టి, నాలుగు ల్యాపుల తరవాత 32 దగ్గర ఆగేలా గాలి తీయండి.

కేజ్ వేసిన బండిని ట్రాక్‌దాకా నడుపుకుంటూ వెళ్ళొద్దు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌కు అది విరుద్ధం, ట్రెయిలర్ మీదే వెళ్ళాలి. బయల్దేరేముందు ప్రతి కీలక నట్టు మీద పెయింట్ మార్కర్‌తో నట్టునూ రేకునూ కలుపుతూ ఒక గీత గియ్యండి. మొదటి పది నిమిషాలు నెమ్మదిగా తిప్పి లోపలికొచ్చి, గీత తెగిన నట్టు ఎక్కడుందో చూడండి. ఇంటికొచ్చాక ఆయిల్ దింపి, ఫిల్టర్ డబ్బాను రంపంతో కోసి, కాగితం మడతలు పరిచి ఎండలో చూడండి. అయస్కాంతానికి పట్టే పొడి కొంచెం ఉంటే గేలరీల (ఇంజన్ లోపలి ఆయిల్ దారుల) పాత తుప్పో, రింగులో. పట్టని వెండి మెరుపు ఎక్కువగా ఉంటే పిస్టనో బేరింగో. రాగి రంగు కనిపిస్తే రెండో ట్రాక్ డేకి డబ్బు కట్టకుండా ఛాంబర్ మళ్ళీ దించండి.